మానేసినవాళ్ల డబ్బా

సిద్దిపేటలో ఏ పెళ్లికి వెళ్లినా పప్పు వడ్డించేలోపే నా పక్కన కూర్చున్నవాళ్లు మోకాలు ముందుకు చాపుతారు. "మీరు డాక్టరట గదా మేడమ్, జర చూడున్రి." నేను డాక్టర్నే, కాదనను. ఎంబీబీఎస్ చదివాను. కానీ ఆ తర్వాత ముప్పై ఏళ్లకు పైగా ఒక్క మోకాలినీ ముట్టుకోలేదు. మెడికల్ కాలేజీలో జబ్బుల లెక్క చూసే విభాగంలో పాఠాలు చెప్పాను, లెక్కలు వేశాను. ఈ మాట చెబితే ఒక పెద్దాయన నా వైపు జాలిగా చూసి, "మరి జీతమెందుకిచ్చిన్రు?" అని అడిగాడు. వెక్కిరించడానికి కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగాడు.

ఈ మధ్య ఈ పనిలోకి వస్తున్న పిల్లలు కొందరు ఇంటికొచ్చి ఏ పుస్తకాలు చదవాలని అడుగుతున్నారు. పుస్తకాలు వాళ్లకు నాకంటే బాగా తెలుసు. అందుకని పుస్తకాల్లో లేనివి రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి రాయను. అవి అందరికీ వస్తాయి, కాకపోతే ఆలస్యంగా వస్తాయి.

మూడు డబ్బాలు

నా మొదటి బాస్ రహీముద్దీన్ సార్. సిద్దిపేట మనిషే. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, క్లాసులో ఇంగ్లీషు, కోపం వస్తే మూడూ. మొదటి రోజే బోర్డు మీద మూడు డబ్బాలు గీశాడు. జబ్బు ఇంకా రానివాళ్లు ఒక డబ్బా, జబ్బు ఉన్నవాళ్లు ఒకటి, తగ్గినవాళ్లు ఒకటి. ఒకదాన్నుంచి ఇంకోదానికి బాణం గుర్తులు. మనుషులు ఈ డబ్బాలోంచి ఆ డబ్బాలోకి ఎంత వేగంగా మారుతున్నారో తెలిస్తే, జబ్బు ఎంతమందికి పాకుతుందో, ఎప్పుడు తగ్గుతుందో కంప్యూటర్ గీత గీసి చూపిస్తుంది. దాన్నే మోడల్ అంటాం. అసలు సంగతి ఇంతే. ఈ కాస్తను సాగదీసి సాగదీసి మేమంతా ప్రొఫెసర్లమయ్యాం.

చేరిన రెండో ఏడు పట్నంలో ఒక వాడకట్టులో డెంగీ జ్వరాలు మొదలయ్యాయి. దోమలు ఇళ్లల్లోని నీళ్ల డ్రమ్ముల్లో పుడుతున్నాయి. వారానికి ఒకసారి, శుక్రవారం నాడు, ప్రతి ఇల్లూ డ్రమ్ము పారబోసి ఆరబెడితే నెల రోజుల్లో జ్వరాలు తగ్గుతాయని నా మోడల్ చెప్పింది. ఆటోకు మైకు కట్టి ఊరంతా చెప్పించాం. నెల గడిచింది. జ్వరాలు తగ్గలేదు. నేను రిపోర్టులో, "ప్రజల్లో అవగాహన లోపించింది" అని రాశాను. ఆ వాక్యం నాకు చాలా బాగా నచ్చింది కూడా.

సార్ ఎర్ర పెన్నుతో దాన్ని కొట్టేశాడు. "గాడ నల్ల నీళ్లు ఎన్ని దినాలకొకసారి వస్తయ్?" అని అడిగాడు.

"తెలియదు సార్."

"బండెక్కు."

స్కూటర్ మీద తీసుకెళ్లాడు. మొదటి ఇంటావిడే నన్ను నిలబెట్టి కడిగేసింది. "నల్ల వారానికి రెండుసార్లు వస్తే మా అదృష్టం. శుక్రారం నీళ్లు పారబోసి శనారం మీ ఇంటికొచ్చి తాగాల్నా?" సార్ నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. తిరిగొచ్చేటప్పుడు, "బేటీ, దోమ నీ కంప్యూటర్ల లేదు. డ్రమ్ముల ఉన్నది. డ్రమ్ము మీద ఏమన్న కప్పుకోమని చెప్పు, పారబొయ్యమని చెప్పకు" అన్నాడు. పాత చీర ముక్కలు బిగించి కట్టమన్నాం. కట్టారు. జ్వరాలు తగ్గాయి. పేపర్లో మాత్రం నా మోడల్ ఫొటో వేశారు.

అవగాహన లోపించిందని రాయబోయే ముందు, లోపించింది ఎవరికో ఒకసారి చూసుకోండి. నా అనుభవంలో పదిసార్లలో తొమ్మిదిసార్లు అది రాసేవాళ్లకే లోపిస్తుంది.

తెలియదు అనే జవాబు

కరోనా వచ్చిన ఏడాది మా పని ఒక్కసారిగా లోకానికి తెలిసింది. అప్పటిదాకా ఫోన్ చేయని చుట్టాలు కూడా చేశారు. ఒక టీవీ వాళ్లు నన్ను స్టూడియోలో కూర్చోబెట్టి ఇది ఎప్పుడు పోతుందని అడిగారు. తెలియదన్నాను. యాంకర్ నవ్వుతూ, "అందాజాగా చెప్పండి మేడమ్" అన్నాడు. అందాజాగా కూడా తెలియదన్నాను. ప్రకటనల విరామం వచ్చింది. విరామం అయ్యాక నా కుర్చీలో వేరే ఆయన కూర్చున్నాడు. ఆయన తేదీతో సహా చెప్పాడు. ఆ తేదీ వచ్చింది, పోయింది. జబ్బు మాత్రం ఉంది. ఆయన్ని మళ్లీ పిలిచారు, నన్ను పిలవలేదు.

ఈ వృత్తిలో తెలియదని చెప్పడానికి జీతం పెరగదు. అయినా చెప్పాలి. నేను చెప్పాల్సిన ఒక చోట చెప్పలేదు. ఇక్కడినుంచి రాసేదంతా దాని గురించే.

కల్లు

అంటురోగాల లెక్కతోనే మత్తు అలవాట్లను కూడా లెక్కగట్టవచ్చు, మా రంగంలో చాలామంది ఆ పని చేస్తున్నారు. అలవాటు కూడా అంటుకునేదే. కొత్తవాళ్లను మొదటిసారి దుకాణానికి తీసుకొచ్చేది పాతవాళ్లే కదా. అందుకని అదే మూడు డబ్బాలు, పేర్లు మాత్రం వేరు: తాగనివాళ్లు, తాగుతున్నవాళ్లు, మానేసినవాళ్లు.

మా దగ్గర కల్లు సంగతి కొంచెం చెప్పాలి. తాటిచెట్లు తగ్గాయి, తాగేవాళ్లు తగ్గలేదు. నీళ్లు కలిపితే పలచబడుతుంది, ఎవరూ కొనరు. అందుకని కొన్ని దుకాణాల్లో నిద్రమాత్రల పొడి కలుపుతారు. చెట్టెక్కి గీసి తెచ్చేవాళ్ల గురించి కాదు నేను చెప్పేది, సీసాల్లో నింపి అమ్మే కొందరి గురించి. రోజూ ఆ సీసా తాగితే ఒళ్లు మాత్రలకు అలవాటు పడిపోతుంది. తాగే మనిషికి తన ఒంట్లోకి మాత్రలు పోతున్నాయన్న సంగతే తెలియదు.

సర్వే కోసం సిద్దిపేట నుంచి ఆటోలో అరగంట దూరమున్న ఒక ఊరు ఎంచుకున్నాం. పేరు రాయను. అక్కడి ఆశా కార్యకర్త స్వరూప మాకు ఇల్లిల్లూ చూపించింది. మొదట వాళ్లింటికే వెళ్లాం. అరుగు మీద స్వరూప అత్త ఎల్లవ్వ, పక్కింటి బాలవ్వ ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. ఇద్దరూ పెళ్లయి ఆ ఊరికి వచ్చిన నాటినుంచి పక్కపక్కనే కూర్చుని చుడుతున్నారట. నేను ఫారం తీసి, "అవ్వా, మీకు తాగుడు అలవాటు ఉన్నదా?" అని అడిగాను.

ఎల్లవ్వ చేతిలో బీడీ ఆగింది. "తాగుడా? ఏం మాటలు బిడ్డా గవి? నీ కండ్లకు తాగుబోతు లెక్క కనవడుతున్ననా?"

"రోజు పొద్దుమూకినంక రెండు సీసల కల్లు తాగుతం, గంతే" అంది బాలవ్వ. "కల్లు తాగుడెట్లయితది? సుట్టాలొస్తే పోస్తం. పోచమ్మ తల్లికి సాక పోస్తం. నువ్వు గూడ కూసో, నీకూ పోస్తం."

అప్పటికి ఆ ఊళ్లో సగం ఇళ్ల ఫారాలు వేరే జట్టు నింపేసింది. తాగుడు లేదు, లేదు, లేదు. అంత నిష్ఠ గల ఊరు దేశంలో ఇంకోటి ఉండదు. ప్రశ్న మార్చి, రోజుకు ఎన్ని సీసల కల్లు అని అడగడం మొదలుపెడితే జవాబులు ధారగా వచ్చాయి. చెప్పేదాంట్లో దాపరికం ఏమీ లేదు. సరిగ్గా అడగడమే మాకు రాలేదు.

వెళ్లేటప్పుడు స్వరూప నన్ను పక్కకు పిలిచింది. "మేడమ్, ఇంకోటి రాసుకోన్రి. దుకాణం బందున్న దినం మా అత్త చేతులు వణుకుతయ్. బీడీ చుట్టరాదు. బాలవ్వ పెద్దమ్మయితే గోడ మీద చీమలు పాకుతున్నయని కొట్టుకుంటది. మల్ల సీస తాగితేనే సక్కగయితరు."

"రిమార్కుల్లో రాయి స్వరూపా" అన్నాను.

రాసింది. ప్రతి ఫారంలో చివర ఉండే ఆ ఇరుకు గడిలో గుండ్రటి అక్షరాలతో ఓపిగ్గా రాసింది. ఫారాలు కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు రిమార్కులు వదిలేయమని చెప్పింది నేనే. టిక్కులు పెట్టిన గడులు ఎక్కించడం తేలిక. మాటలు ఎక్కించాలంటే ఒకరు కూర్చుని చదవాలి. పైగా నా మూడు డబ్బాల్లో వణుకు పట్టే చోటు లేదు.

మూడో రోజు

గీత అద్భుతంగా వచ్చింది. దుకాణాలు మూసేస్తే రెండు వారాల్లో తాగుతున్నవాళ్ల డబ్బా దాదాపు ఖాళీ అవుతుంది, మానేసినవాళ్ల డబ్బా నిండుతుంది. రిపోర్టు రాసి, దుకాణాలు మూయించే అధికారుల మీటింగ్‌లో చూపించాను. అక్కడి అధికారి ఒకాయన కుర్చీలో ముందుకు వంగి, "మేడమ్, ఇంత సాఫ్‌గా మాకెవ్వరూ చెప్పలేదు" అన్నాడు. నేను ఎంత ఉబ్బిపోయానో దాచుకోను. ఒంటికి అలవాటైన మాత్రలు ఒక్కసారిగా ఆగిపోతే ఏమవుతుందో ఎంబీబీఎస్ మూడో ఏడు పిల్లలకు తెలుసు. నాకూ తెలుసు. కానీ ఆ గదిలో నేను డాక్టర్ని కాదు, గీత గీసిన మనిషిని. ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు.

ఆ వారమే ఆ ఊళ్లో దుకాణం మూశారు. మూడో రోజు పొద్దున నేను క్లాసులో ఉండగా స్వరూప ఫోన్ చేసింది. "మేడమ్, మా అత్తకు ఫిట్స్ వచ్చినయ్. ఆటోల దవాఖానకు తెస్తున్న. జర మీరు రాన్రి."

వెళ్లేసరికి ఆ ఊరివాళ్లు ఇంకా కొందరు వార్డులో ఉన్నారు. ఎల్లవ్వ మంచం మీద కళ్లు తెరిచే ఉంది, కానీ ఎవరినీ గుర్తుపట్టడం లేదు. రెండు చేతులూ పైకెత్తి గాలిలో బీడీలు చుడుతోంది. ఆకు సరిచేయడం, పొగాకు పోయడం, చుట్టడం, వేలితో అంచు మడవడం, దారం కట్టడం. ఒక్కటీ తప్పడం లేదు. చుట్టినదాన్ని లేని చాటలో పెట్టి మళ్లీ ఇంకోటి మొదలుపెడుతోంది.  

డ్యూటీ డాక్టరు కుర్రాడే, చురుకైనవాడు. కల్లులో ఏముందో నేను చెప్పేలోపే కనిపెట్టి మందు మొదలుపెట్టాడు. "ఇది ఒక్కసారే ఆపకూడదు మేడమ్, మాత్ర ఇచ్చి కొంచెం కొంచెం తగ్గించాలి" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "మీ రిపోర్టు చదివాను. ఇది అందులో ఎక్కడా లేదు" అన్నాడు. నా దగ్గర చదువుకున్న పిల్లాడే.

ఎల్లవ్వ బతుకుతుందో లేదో రెండు రోజులు తెలియలేదు. ఐదో రోజు కళ్లు నా మీద నిలిచాయి. "నువ్వా? తాగుడున్నదా అని అడగనీకి మల్లొచ్చినవా?" అంది. స్వరూప, నేను ఒకరినొకరు పట్టుకుని నవ్వాం, ఏడ్చాం. ఆ సంతోషంలో నేను ఇంకెవరి గురించీ అడగలేదు.

వార్డు బయట స్వరూప అసలు మాట చెప్పింది. "మేడమ్, మర్కూక్ దిక్కు మా తల్లిగారి ఊర్ల గూడ దుకాణం బంద్ జేస్తరట. ఈ నెలల్నే మీటింగట. మా అవ్వ ఇరువై ఏండ్ల సంది తాగుతది. గాడికెళ్లి దవాఖాన దూరం. మీరొక్క మాట చెప్తే ఆగుతరు."

చెబుతానన్నాను. ఏం చెప్పాలనుకున్నానో కూడా రాయాలి కదా. గీత అలాగే ఉంచి, కింద చిన్న అక్షరాల్లో "జాగ్రత్తలు అవసరం" అని ఒక వాక్యం చేరుద్దామనుకున్నాను. ఆ గీత అప్పటికే ఒక వైద్య పత్రికలో అచ్చుకు సిద్ధంగా ఉంది. ప్రాజెక్టు ఇంకో మూడేళ్లు పొడిగించే కాగితం సంతకం కోసం తిరుగుతోంది.

బాలవ్వ ఫారం

రెండు వారాలకు రెండోసారి సర్వే చేశాం. ఫలితం చూస్తే గీత నేను చెప్పినట్టే కిందికి దిగింది. చుక్క కూడా పక్కకు పోలేదు. ఎల్లవ్వను ఆ మంచం మీద చూసిన దాన్నే అయినా, ఆ గీత చూసి నాకు సంతోషం కలిగింది. ఈ వృత్తి మనిషిని ఎంత దూరం తీసుకెళ్తుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఫారాల కట్ట బీరువాలో పెడుతుంటే పైనున్నది కంటపడింది. బాలవ్వ పేరు. ప్రస్తుతం కల్లు తాగుతున్నారా? లేదు. టిక్కు. చివరి గడిలో గుండ్రటి అక్షరాలు: "దుకాణం బందయిన మూడో దినం పొద్దున చనిపోయింది. గుండె ఆగింది అన్నరు. అంతకుముందు ఫిట్స్ వచ్చినయ్."

ఎల్లవ్వను ఆటో ఎక్కిస్తున్న పొద్దునే, పక్కింట్లో. నేను అడగలేదు, స్వరూప గడిలో రాసింది.

కంప్యూటర్‌లో చూశాను. బాలవ్వ మానేసినవాళ్ల డబ్బాలో ఉంది. నా గీత అంత అందంగా దిగడానికి ఆమె కూడా ఒక కారణం. ఆఫీసు గదిలో నేల మీదే కూర్చుని కట్టంతా విప్పి రిమార్కులు చదివాను. మొదటి సర్వేవీ, రెండోదానివీ. చావు ఆ ఒక్కటే. వణుకు, పిచ్చి మాటలు, ఫిట్స్ మాత్రం పేజీ పేజీకీ ఉన్నాయి. అన్నీ నా బీరువాలోనే ఉన్నాయి, మొదటినుంచీ.

ఆ ఫారం పట్టుకుని రహీముద్దీన్ సార్ ఇంటికి వెళ్లాను. అప్పటికి ఆయన రిటైరై చాలా ఏళ్లయింది. చూపు తగ్గింది, నన్నే చదివి వినిపించమన్నాడు. వినిపించాను. మర్కూక్ మీటింగ్ సంగతీ చెప్పాను. సార్ అంతా విని, "మీటింగుల ఏం చెప్తవు?" అని అడిగాడు. జాగ్రత్తల వాక్యం సంగతి చెప్పాను.

"గట్ల చెప్తే ఎవ్వలు సదువుతరు బేటీ? నువ్వే సదవలే గదా, రిమార్కులు."

ఆయన నన్ను ఎప్పుడూ ఇంతకంటే గట్టిగా తిట్టలేదు.

మీటింగ్ సోమవారం. అదే అధికారి, అదే గది, తెర మీద అదే గీత. నేను లేచి ఆ గీత తప్పని చెప్పాను.

"అంటే కల్తీ కల్లు అమ్ముకోనివ్వమంటారా మేడమ్?" అన్నాడాయన.

"లేదు సార్, మూయండి. కానీ ముందు ఊళ్లో మాత్రలు ఉండాలి, దవాఖానలో మంచాలు ఉండాలి. ఆశా కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి ఎవరు ఎన్నాళ్లనుంచి తాగుతున్నారో రాయాలి. తాళం ఆ తర్వాత."

"పోయిన నెల మీరే కదా రెండు వారాలు చాలన్నది?"

"నేనే అన్నాను. తప్పు చెప్పాను. ఆ తప్పు వల్ల ఒక మనిషి చనిపోయింది. ఆమె పేరు బాలవ్వ."  

ఆయనకు కోపం వచ్చింది, ఆ కోపం న్యాయమే. అయినా మంచి మనిషి, నెల వాయిదా వేశాడు. పత్రికకు ఉత్తరం రాసి వ్యాసం వెనక్కి తీసుకున్నాను. ప్రాజెక్టు పొడిగింపు కాగితం ఎక్కడ ఆగిందో మళ్లీ కనబడలేదు. మోడల్‌లో నాలుగో డబ్బా గీశాను. "వణుకుతున్నవాళ్లు" అని దానికి పేరు పెట్టింది స్వరూప. చనిపోయినవాళ్లకు ఐదోది గీశాను. మా రంగంలో పిల్లలు మొదటి నెలలోనే నేర్చుకునే డబ్బా అది. ఇక్కడ అవసరం పడదనుకుని వదిలేశాను.

మర్కూక్ వైపు దుకాణాలు మూసినప్పుడు స్వరూప తల్లి నెలన్నర మాత్రలు వేసుకుంది, రోజూ కూతురికి ఫోన్ చేసి తిట్టింది. చేదుగా ఉన్నాయట, నిద్ర లేదట, బిడ్డను కన్నది ఇందుకేనా అట. స్వరూప ఆ తిట్లన్నీ నాకు సంబరంగా చెప్పేది. ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఎవరూ చనిపోలేదు.

అరుగు మీద

ఆ కబురు చెబుదామని ఎల్లవ్వ దగ్గరికి వెళ్లాను. ఒక్కతే అరుగు మీద కూర్చుని బీడీలు చుడుతోంది. చేతులు నిలకడగా ఉన్నాయి. కూర్చోమంది, టీ తెమ్మని లోపలికి కేక వేసింది. మందులు ఎలా ఇచ్చామో, ఎంతమందికి నయమైందో ఉత్సాహంగా చెప్పుకొచ్చాను. అంతా విన్నది. చుట్టిన బీడీ చాటలో పెట్టింది.

"మంచిగ జేసిన్రు బిడ్డా" అంది. "మరి గా గోళీలు మా బాలికెందుకియ్యలే?"

"అప్పుడు నాకు తెలియదవ్వా."

ఎల్లవ్వ తలెత్తి నా ముఖం చూసింది. కోపం లేదు. నిజంగానే అర్థంకాక అడిగింది.

"మా స్వరూప చెప్పింది గదా?"

"చెప్పింది" అన్నాను.